పెరటి పురుగుల ఛాయాచిత్రములు

ఆరుద్ర కార్తె ప్రవేశించి మొదటి పెద్దవాన కురిసిన మఱునాటి యుదయమున చేనిగట్లపైనను, ఇసుక నేలలలోను ఎఱ్ఱని మఖమలు గుడ్డ ముక్కలవంటి చిన్న ప్రాణులు మెల్లమెల్లగ నడచుచుండుట మీరందఱు నెఱిగినదే. కార్తె పేరనే దానిని ఆరుద్ర పురుగని మన పెద్దలు పిలిచిరి. చిన్ననాడు దానిని అరచేత బెట్టుకొని మురిసిపోయి, అగ్గిపెట్టెలో పచ్చిగడ్డి పఱచి దాచుకొనని పల్లెటూరి బాలుడు లేడు. అది కంటబడినచో నేల చక్కగ తడిసినదని పెద్దలు సంతసించెడివారు.

ఇంత పరిచయమున్న ప్రాణికి కాళ్లెన్ని యని యడిగినచో మనలో నెందఱు చెప్పగలరు? ఏబదియేండ్ల వయసు వచ్చువఱకు నేను చెప్పలేకపోయితిని. ఒకనాడు దాని ఛాయాచిత్రమును తీసి, పెద్దదిగ జేసి, గోడకానించి చూచుచు లెక్కించితిని. ఎనిమిది కాళ్లు! పురుగులకుండునవి ఆఱే. కావున ఆరుద్ర పురుగు శాస్త్రదృష్టిచేత పురుగే కాదు. అది సాలీటికి దగ్గఱి చుట్టము. మన పైరులను పీడించు ఎఱ్ఱనల్లికి జ్ఞాతి. జీవితమంతయు చూచుచున్న దానిని నేనొక్కనాడును చూడలేదని ఆ దినమున నాకు తెలిసినది.

నేటి నా ప్రసంగవిషయ మిదియే. పెరటిలో, పూలమొక్కలలో, కూరపాదులలో మన కన్నుల యెదుటనే బ్రదుకుచు మనకు కనబడక యుండు చిన్న ప్రాణులను పెద్దవిగ జూపు ఛాయాచిత్రణవిద్య యెట్టిది, అది గృహస్థునకును రైతునకును ఎందులకు పనికివచ్చును అను సంగతిని గూర్చి కొన్ని మాటలు మనవి చేసెదను. ఇది తీరికగలవారి వినోదమని కొందఱందురు. వినోదము కాదని నేననను. కాని మన పంటకు మిత్రుడెవడో, శత్రువెవడో తేల్చుటకు కావలసిన సాక్ష్యము ఆ వినోదమునందే యున్నదని నా నమ్మకము. అట్టి సాక్ష్యము లేకయే తొందరపడి తీర్పు చెప్పిన తప్పు నావలన గూడ జరిగినది. దానిని దాచక ముందు చెప్పెదను.

మొట్టమొదట ఈ చిన్నప్రాణుల కులగోత్రములను తెలిసికొందము. చీమ, ఈగ, మిడత, అక్షింతల పురుగు, పేనుబంక, తామరపురుగు ఇవియన్నియు పురుగులు. వీనికి కాళ్లాఱు, శరీరము తల, ఱొమ్ము, పొట్ట అని మూడు భాగములు, తలపై రెండు మీసములు, పెక్కింటికి రెక్కలును గలవు. సాలీటికి కాళ్లెనిమిది, శరీరము రెండే భాగములు, మీసములు లేవు, రెక్కలు లేవు. ఇక నల్లికి కాళ్లెనిమిదియే కాని, శరీరమంతయు ఒక్క ముద్దగ నుండును. అప్పుడే గ్రుడ్డునుండి వెడలిన నల్లిపిల్లకు మాత్రము సాధారణముగ ఆఱే కాళ్లుండును. పెరిగినపిదప మఱి రెండు వచ్చును. నల్లియనగానే మంచపుకోళ్లలో దాగి మనుష్యుల రక్తము పీల్చునది జ్ఞప్తికి వచ్చును. అది యాఱుకాళ్ల పురుగు. పైరునల్లి వేఱు, మంచపునల్లి వేఱు. ఒక్క పేరు మాత్రము రెండింటికి దక్కినది.

ఆరుద్ర పురుగు చరిత్ర యింతకంటె వింతయైనది. దాని పిల్లలు ఆఱుకాళ్లతో బుట్టి, మిడత మొదలగువాని శరీరముల నంటిపెట్టుకొని వాని రసమును పీల్చును. ఎదిగినపిదప అవి స్వతంత్రముగ జీవించుచు, నేలలోని పురుగుల గ్రుడ్లను, మెత్తని చిన్నప్రాణులను తిని బ్రదుకును. సంవత్సరములో చాలకాలము భూగర్భమున దాగియుండి, తొలకరి వానలకు మాత్రము పైకివచ్చి కొలదిదినములు మనకు దర్శనమిచ్చును. దాని యెఱ్ఱరంగు అలంకారము కాదు. నన్ను తినినచో చేదని పక్షులకు జేయు హెచ్చరిక.

ఇట్టి ప్రాణులు ఎన్ని జాతులున్నవని యడుగుదురేమో. ఒక్క సాలీళ్లలోనే 2022వ సంవత్సరమునాటికి శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన జాతుల సంఖ్య 50,000 దాటినది. పేరు పెట్టనివి యింకను ఎన్నియో కలవు.

ఈ సూక్ష్మలోకమును మానవుడు చూడ నేర్చి మూడున్నర శతాబ్దములు దాటినది. ఇంగ్లండు దేశమున రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు 1665లో మైక్రోగ్రాఫియా అను గ్రంథమును ప్రకటించెను. సూక్ష్మదర్శినిలో తాను చూచిన చీమను, ఈగ కన్నులను, నల్లిని, గోమారి వంటి చిన్నపురుగును చేతితో చిత్రించి అందు ముద్రించెను. ఆ చిన్నపురుగు చిత్రము పుస్తకపు పుటలో పట్టక, మడతపెట్టి కుట్టవలసి వచ్చినది. హాలెండు దేశమున డెల్ఫ్టు నగరమునందు బట్టల వర్తకము చేసికొనుచుండిన లీవెన్‌హుక్ అను నాతడు, 1632 మొదలు 1723 వఱకు జీవించినవాడు, గుడ్డలోని నూలుపోగులను పరీక్షించు అద్దములతో నారంభించి, తన చేతులతో తానే చిన్ని గాజుబిళ్లలను అరగదీసి, వస్తువులను 200 రెట్లకు పైగ పెద్దవి చేసి చూపు సాధనములను నిర్మించెను. అతడు పండితుడు కాడు. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కలేదు. ఓర్పే అతని పట్టభద్రత.

1839లో ఛాయాచిత్రణము లోకమునకు వెల్లడియైన తోడనే, ఇంగ్లండులో టాల్బట్ అను నాతడు పురుగుల రెక్కలను సూక్ష్మదర్శినిద్వారా కాగితముపై నెక్కించుటకు పూనుకొనెను. మన దక్షిణదేశమున ఫ్లెచర్ అను కీటకశాస్త్రజ్ఞుడు దక్షిణహిందూస్థానపు పురుగులను గూర్చి వ్రాసిన పెద్దగ్రంథము 1914లో మదరాసున అచ్చుపడినది. టి.వి. రామకృష్ణయ్యరు గారి కీటకశాస్త్ర గ్రంథము 1940లో వెలువడినది. ఇట్టి గ్రంథములు పట్టణములలోని గ్రంథాలయములలో నుండిపోయినవి. నేడో, చిత్రము తీయు సాధనము ప్రతి యింటను చేతిలోనే యున్నది. చూచు కన్ను మాత్రము కొఱవడినది.

ఇక చిత్రము తీయు విధానము. కెమేరాకు ముందున్న గాజుకన్నును కటకమందురు. లోపల, పూర్వము ఫిలిముండిన చోట, నేడు వెలుతురును గ్రహించు ఫలకమున్నది. సామాన్యచిత్రమున నిలువెత్తు మనిషియైనను ఆ ఫలకముపై గోరంత ప్రమాణమున నిముడును. అట్లుగాక, పురుగు ఎంత నిడివి యున్నదో ఫలకముపై ప్రతిబింబము అంత నిడివియే పడినచో, దానిని సమప్రమాణ మందురు. ఆ సమప్రమాణము మొదలుకొని దానికి కొన్ని రెట్లవఱకు పెంచి తీయుదానికే మాక్రో ఛాయాచిత్రణమని పేరు.

ఒక లెక్క చెప్పెదను. పెద్దకెమేరాలోని ఫలకము నిడివి 36 మిల్లీమీటరులు. అక్షింతల పురుగు నిడివి 6 మిల్లీమీటరులనుకొందము. సమప్రమాణమున అది ఫలకమునందు ఆఱవవంతు స్థలము నాక్రమించును. ఆ చిత్రమునే 36 సెంటీమీటరుల కాగితముపై ముద్రించినచో పురుగు 6 సెంటీమీటరులగును. కాళ్లును మీసములును లెక్కింపవచ్చును. కాని ఎఱ్ఱనల్లి నిడివి అరమిల్లీమీటరే. అదే కాగితముపై అది 5 మిల్లీమీటరులై, బియ్యపుగింజకంటె చిన్నదిగనే యుండును. దానిని స్పష్టముగ జూడవలెనన్న సమప్రమాణమునకు అయిదురెట్లు కావలెను. అప్పుడది 2.5 సెంటీమీటరులగును. నల్లిని చిత్రించువాడు అక్షింతల పురుగును చిత్రించువానికంటె ఎంతయో కష్టపడవలసిన కారణ మిదియే.

ఆ కష్టములు ముఖ్యముగ మూడు. మొదటిది లోతు. వస్తువును పెద్దదిగ జేసినకొలది, స్పష్టముగ కనబడు భాగము పలుచనై పోవును. కటకపు రంధ్రమును మధ్యరకముగ తెఱచియుంచినచో సమప్రమాణమున ఒక మిల్లీమీటరు మందము మాత్రమే స్పష్టముగ నుండును. అయిదురెట్లయినచో మిల్లీమీటరులో పదియవవంతు! పురుగు కన్ను కనబడినచో కాలు మసకబాఱును; కాలు కనబడినచో కన్ను మాయమగును. దీనికి నేటివారు కనిపెట్టిన యుపాయమొకటి కలదు. కెమేరాను వెండ్రుకవాసి చొప్పున ముందునకు జరుపుచు పదియో, ఇరువదియో, ఒక్కొక్కప్పుడు నూఱో చిత్రములను తీసి, వానిలో స్పష్టమైన భాగములను మాత్రము కంప్యూటరుచేత ఏర్చి కూర్చి ఒకే చిత్రముగ జేయుదురు. కాని అంతసేపును పురుగు కదలరాదు. పురుగు మన మాట వినునా?

రెండవది వెలుతురు. కటకమును పురుగునకు దగ్గఱగ జేర్చి ప్రతిబింబమును పెంచినకొలది లోపల పడు వెలుతురు తగ్గును; సమప్రమాణమున అది సాధారణముగ నాల్గవవంతునకు దిగును. పోనీ, దీపపు వెలుగును సూటిగ వేయుదమన్న, పురుగు వీపు అద్దమువలె తళుక్కుమని రంగంతయు చెడును. పలుచని తెల్లగుడ్డ నడ్డముపెట్టి, వెలుగును వడగట్టి వేయవలెను. పల్చని మబ్బుపట్టిన ఉదయము భగవంతుడు స్వయముగ పట్టిన తెల్లగుడ్డవంటిది.

మూడవది కదలిక. కంటికి తెలియని పిల్లగాలియు పదిరెట్లు పెరిగిన చిత్రమున పెనుగాలియగును. కావున సూర్యోదయమునకు ముందే పెరటిలోనికి వెళ్లవలెను. చలికి పురుగులింకను బిగిసి, మంచుబిందువులతో తడిసి, కదలక యుండును. ఎండ వచ్చిన గంటకు అవి మనలను లెక్కచేయక తమ పనులకు తాము పోవును. మన నీడ వానిపై పడరాదు. మన యూపిరి తగులరాదు. ఆకును త్రుంపరాదు, చేతితో మెల్లగ పట్టి, ఆ చేతినే కెమేరాకు ఆనుగ జేయవలెను.

పెద్దకెమేరా లేనివారు నిరాశపడనక్కఱలేదు. మనుమని చేతిలోని సెల్‌ఫోను కంటికి, పదిరెట్లు చూపు చిన్న భూతద్దము నొకదానిని ఆనించి, ఆకునకు రెండంగుళములలోపల పట్టి, స్పష్టత వచ్చువఱకు ముందువెనుకలకు జరిపినచో, పేనుబంక, తామరపురుగు, ఎఱ్ఱనల్లి గుర్తింపదగినంత చక్కగ పడును. చిత్రము ప్రదర్శనకు పనికిరాకపోవచ్చును. మన పనికి చాలును.

ఇట్లు చూచినచో పెరటిలో నేమి కనబడును? గోడపై, ఆకుపై చటుక్కున గెంతు చిన్నసాలీడు మీకు తెలిసినదే. అది వల పన్ని కూర్చుండదు, వేటాడి తినును. దాని ముఖమును పెద్దదిగ జేసినచో ఎనిమిది కన్నులు కనబడును. ముందున్న రెండును బండిదీపములవలె పెద్దవి. తక్కినవి తలచుట్టు నమరి ప్రక్కలను వెనుకను గనిపెట్టుచుండును. దాని ముఖమునకు కటకము చూపినచో అది తిరిగి మనవంక చూచును. గెంతుటకు ముందు నిలిచినచోట నొక దారపుకొనను అంటించి, ఆ దారముతో గూడ దుముకును. గుఱి తప్పినను ఆ దారముపట్టుకొని మరల పైకి వచ్చును. బావిలో దిగువాడు మోకు కట్టుకొనుట దానినుండియే నేర్చెనేమో యనిపించును.

ఆకుక్రింద కొన్ని చోట్ల, వెండ్రుకవంటి సన్నని కాడల కొనల యందు తెల్లని చుక్కలు వరుసగ నిలిచియుండును. బూజుపట్టినదనుకొని మనము తుడిచివైతుము. అవి గ్రుడ్లు. పచ్చని మేనితో, గాజువంటి అల్లిక రెక్కలతో రాత్రులందు దీపముకడకు వచ్చు పురుగు పెట్టినవి. ముందుగ పుట్టిన పిల్ల తన తోబుట్టువులనే తినకుండుటకును, చీమలబారి పడకుండుటకును తల్లి కనుగొన్న యుపాయ మిదియని శాస్త్రజ్ఞులందురు. ఆ పిల్లలు కొడవళ్లవంటి దవడలతో పేనుబంకను పట్టి పీల్చును. అనగా, మనము తుడిచివైచిన ఆ బూజు మన పైరునకు కాపు.

ఇప్పుడు నా తప్పును చెప్పవలెను. ఒక యేడు పుష్యమాసమున మా పెరటి చిక్కుడుపాదునకు పేనుబంక పట్టినది. లేతకాయలపై, పూగుత్తులపై నల్లగ ముసరి, ఆకులన్నియు జిగురుచేసినది. చీమలు బారులుకట్టి ఎక్కుచు దిగుచున్నవి. ఆ నడుమ వేఱొక పురుగు తిరుగుచుండుట చూచితిని. నల్లని పొడవాటి దేహము, వెన్నుపై ముండ్లు, అక్కడక్కడ పసుపు మచ్చలు, చిన్న మొసలివంటి యాకారము. దాని రూపమును జూచి, పాదును పాడుచేయుచున్న దొంగ యిదియేనని నిశ్చయించితిని. రెండుదినములు ఉదయమున కూర్చుండి ఒక్కొక్కదానిని ఏరి, నేల బడవైచి, కాలితో నలిపితిని. ముప్పదికి పైగ నలిపియుందును. ఇంటివారికి చెప్పి మెప్పుగూడ పొందితిని.

మూడవనాడు, శత్రువు ముఖమెట్లుండునో చూతమని ఒకదానిని ఛాయాచిత్రము తీసితిని. పెద్దదిగ జేసి చూచునప్పటికి, దాని దవడల నడుమ ఒక పేనుబంక కాళ్లు పైకెత్తి వ్రేలాడుచున్నది. సగము తినియున్నది. నా చేయి చల్లబడినది. ఆ మొసలి మఱేమియు కాదు, అక్షింతల పురుగు పిల్ల. మన బాలబాలికలు చేతిపై నెక్కించుకొని యాడుకొను ఆ గుండ్రని ఎఱ్ఱపురుగు బాల్యమున నట్లుండును. తల్లి మన కెఱుకే. బిడ్డను మాత్రము ఎఱుగము. ఒక్కొక్క పిల్ల దినమునకు పదులకొలది పేనుబంకలను తినును. నేను నలిపినది దొంగలను కాదు, కావలివాండ్రను. చీమలో, ఆ పేనుబంక విసర్జించు తీయని జిగురుకొఱకు దానిని పశువులవలె కాచుచు, ఈ కావలివాండ్రను తఱుముచున్నవి. మా యింట చీమలును నేనును ఒక్క పక్షమున నిలిచి, చిక్కుడుపాదునకు ద్రోహము చేసితిమి.

అటుపిమ్మట మిగిలినవానిని ముట్టలేదు. బంక దట్టముగ పట్టిన కొనలను మాత్రము త్రుంచి పాఱవైచితిని. రెండువారములలో బంక తగ్గినది. కాని మొదటి కాపు పోయినది. ఆ నలిపిన ముప్పదియు నుండియున్నచో అదియు దక్కియుండునని నేటికిని అనుకొందును. ఆ చిత్రమును మా యింటి వంటశాల గోడకు అంటించియుంచితిని. పెరటిలోనికి పోవువారెల్లరు దానిని దాటియే పోవలెను.

పెరటిలోని చిక్కుడుపాదుతో పోయినది ఒక కుటుంబపు కూర. పొలములో నిట్టి పొరపాటు జరిగినచో పోవునది సంవత్సరపు బ్రతుకు. మిరపతోటను దృష్టాంతముగ తీసికొందము. మిరపాకు ముడుత యన్నంతనే మందు చల్లుట వాడుకయైనది. కాని ముడుతలు రెండు విధములు. ఆకు అంచులు పైకి ముడిచి దోనెవలె నైనచో అది తామరపురుగు పని. ఆకు క్రిందికి ముడిచి బోరగిల్లిన పడవవలె నైనచో అది నల్లి పని. మొదటిది ఆఱుకాళ్ల పురుగు, రెండవది యెనిమిదికాళ్ల జీవి. పురుగులను చంపు మందులలో పెక్కు నల్లిని చంపవు. అంతియే కాదు, వానిలో కొన్ని నల్లిని తిను చిన్నప్రాణులను మాత్రము చంపి, నల్లికి రాజ్యమప్పగించును. మందు చల్లిన పదిదినములకు ముడుత ఎక్కువైనదని రైతు వాపోవును, మఱల చల్లును. అప్పు పెరుగును, ముడుత తగ్గదు.

మిరపనల్లి మిల్లీమీటరులో అయిదవవంతు మాత్రమే. వట్టికంటికి అది యున్నదని గూడ తోచదు. దాని గ్రుడ్డును పెద్దదిగ జేసి చూచినచో, గాజుబుడ్డికి తెల్లని ముత్యములు వరుసలుగ పొదిగినట్లుండును. అంత యందమైన వస్తువు అంత చేటునకు మూలమగునని యెవరనుకొందురు? మగనల్లి, ఇంకను పెరుగని యాడుదానిని వీపున నెత్తుకొని లేతచిగురునకు మోసికొనిపోవుటయు చిత్రములలో కాననగును. ఒక్క చిగురునుండి తోటయంతటికి అది ప్రాకుట యెట్లో అప్పుడు అర్థమగును.

2021లో ఆంధ్ర తెలంగాణ ప్రాంతముల మిరపతోటలపై క్రొత్త తామరపురుగొకటి వచ్చిపడిన సంగతి మీరు మఱచియుండరు. అది ఆగ్నేయాసియా దేశములది. మన దేశమున 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిపై కనబడినట్లు శాస్త్రజ్ఞులు వ్రాసిరి. మనము మొదటినుండి ఎఱిగిన తామరపురుగు పాలిపోయిన పసుపువన్నె గలది, లేతాకులలో నుండును. ఈ క్రొత్తది నల్లనిది, పూవులలో గుంపులుగ జేరి పూత రాల్చును. రెండును మిల్లీమీటరు నిడివివే. దూరమునుండి చూచువానికి రెండును ఒక్క ధూళియే. ఎందఱో రైతులు పాతశత్రువే యనుకొని, ఒకదానివెంట నొకటిగ మందులు కలిపి చల్లి, పంటతో గూడ పెట్టుబడియు పోగొట్టుకొనిరి. పూవును చిదిపి, తెల్లకాగితముపై దులిపి, భూతద్దముతో ఒక చిత్రము తీసినచో, వచ్చినవాడు పాతవాడా క్రొత్తవాడా యని తెలిసెడిది. చిత్రము పురుగును చంపదు, నిజమే. కాని ఎవరితో యుద్ధము చేయుచున్నామో తెలియని సేనకు ఆయుధము లెన్నియున్న నేమి?

కావున నేను కోరునది యిది. పైరుపై క్రొత్త తెగులు కనబడినప్పుడు మందుల కొట్టునకు పోవుటకు ముందు ఒక్క యుదయము చేనిలో గడుపుడు. ఆకు పైభాగమునే కాక అడుగుభాగమును గూడ చిత్రము తీయుడు. నల్లియు, గ్రుడ్లును ఆకు అడుగుననే యుండును. పురుగుప్రక్కన కొలబద్దనో, ఒక వడ్లగింజనో యుంచి తీసినచో దాని ప్రమాణము తెలియును. చెడిన ఆకును మాత్రమే కాక, మొక్కనంతటిని మఱియొక చిత్రమున చూపుడు. అచట తిరుగుచున్న ప్రాణుల నన్నిటిని, మంచివో చెడ్డవో మీరు తీర్పు చెప్పక, తీయుడు. ఆ చిత్రములను కృషివిజ్ఞానకేంద్రము వారికో, వ్యవసాయాధికారికో చూపి సలహా పొందుడు. నోటిమాటగ చెప్పిన ముడుతకును, కంటికి చూపిన ముడుతకును సలహాలో ఎంతయో భేదముండును.

బెండ, వంగ మొదలగువానిపై ఎఱ్ఱనల్లి యున్నదో లేదో చూచుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. ఆకుక్రింద తెల్లకాగితము పట్టి ఆకును తట్టవలెను. రాలిన నలుసులు కదలినచో నల్లి యున్నట్లే. మందముగ మెల్లగ ప్రాకునవి పైరును పీల్చునవి. వాని నడుమ, పొడవైన కాళ్లతో నిగనిగలాడుచు చురుకుగ పరుగిడు నలుసు కనబడినచో దానిని చంపకుడు. అది నల్లులను తిను నల్లి కావచ్చును. గుండుసూదితలయంత నల్లని అక్షింతల పురుగొకటి గూడ ఎఱ్ఱనల్లినే తినును. శత్రువులను లెక్కించునప్పుడు మిత్రులను గూడ లెక్కించుట నేర్చినవాడే మంచి కాపు.

ఒక్క మాట ధర్మమును గూర్చి. అందమైన చిత్రముకొఱకు పురుగును జిగురుతో నంటించుట, మంచులో బెట్టి మొద్దుబార్చుట, గూడును చెఱుపుట కొందఱు చేయుచున్నారు. అట్టి చిత్రము అబద్ధపు సాక్ష్యము. పురుగు తన యింట తానున్నట్లు చూపినదే సత్యము. పట్టిన ఆకును మరల యథాస్థానమున విడువవలెను. సాలెగూటిని తప్పించుకొని నడువవలెను. ఆరుద్ర పురుగును ఔషధమని చెప్పి ఏరి అమ్మువారును గలరు. నేలలో పనిచేయు ఆ ప్రాణి ఏడాదికి కొన్ని దినములే మనకు చిక్కును. చిక్కినదికదా యని సంచులకెత్తుట నాకు న్యాయముగ తోచదు.

ఏ కార్తెకు ఏ పురుగు వచ్చునో, ఏ గాలికి ఏ తెగులు తగులునో మీ వంటి పెద్దలకు తెలిసినంత పుస్తకములకు తెలియదు. మనుమల చేతిలో సాధనమున్నది. మీ తలలో ఏబది, అఱువదియేండ్ల జ్ఞాపకమున్నది. ఈ రెండును ఒక్కచోట కూడుట లేదు. పిల్లవాడు ఫోను చూచుచు అరుగుపై కూర్చున్నాడని కసరుటకు మాఱుగ, వానిని చేయిపట్టుకొని పెరటిలోనికి తీసికొనిపొండు. ఏ ఆకును తిరుగవేయవలెనో మీరు చూపుడు. చిత్రము వాడు తీయును. తీసిన దినము, తిథి, కార్తె, పైరుపేరు దానిక్రింద వ్రాయించుడు. రెండు మూడేండ్లలో మీ యూరికి మాత్రమే చెందిన పురుగుల పంచాంగము తయారగును. అది ఏ విశ్వవిద్యాలయమును మీకు వ్రాసి యీయజాలదు.

వచ్చు ఆరుద్ర కార్తెలో మొదటివాన వెలిసిన మఱునాడు చేనిగట్టుపై ఆ యెఱ్ఱని ప్రాణి మరల కనబడును. అప్పుడు మనుమని పిలిచి, దానిని అగ్గిపెట్టెలో పెట్టక, నేలపైననే యుంచి చిత్రము తీయించుడు. కాళ్లను వానిచేతనే లెక్కింపించుడు. ఎనిమిది యని వాడు చెప్పిననాడు, మన తరము చూడక విడిచినదానిని వాని తరము చూచినదని సంతోషింతము.